చీకటిలో వెచ్చదనమును చూచు కెమేరా

పగటివేళ గ్రామములో జరుగు సంగతులు పంచాయతి సభ్యులకు తెలియకపోవు. చెరువుకట్టకు గండి పడినను, ఒకరి చేలో పురుగు పట్టినను, ఆ వార్త సాయంకాలమునకు రచ్చబండను చేరును. కాని ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ పొలములలోనే ఏ జంతువు తిరిగినది, ఏ పక్షి ఎచ్చట గ్రుడ్లు పొదుగుచున్నది, అడవిపందుల గుంపు ఏ గట్టు దాటి వచ్చినది అను విషయములు మరునాటి ఉదయమున అడుగుజాడలను బట్టి తెలియవలసినదే. ఈ చీకటి తెరను కొంతవరకు తొలగించు సాధనము ఇప్పుడు అందుబాటులోనికి వచ్చినది. దానిని థర్మల్ కెమేరా అందురు. వెలుతురుతో పని లేక, ప్రాణుల శరీరమునుండి వెలువడు వేడిని బట్టి వాటి ఉనికిని చూపుట దీని ప్రత్యేకత.

పక్షులను చూచి వేడుకపడువారి పరికరముతో పంచాయతికేమి పని యని కొందరు అడుగవచ్చును. పని కలదు. రాత్రివేళ చేలో ఏమున్నదో తెలియని రైతు భయముచేత కొన్నిచోట్ల పొలము చుట్టును విద్యుత్తు ప్రవహించు తీగను కట్టుచున్నాడు. ఆ తీగ అడవిపందిని చంపును; ఎలుకలను తిని రైతునకు మేలు చేయు నక్కను చంపును; ప్రక్క చేనికి నీరు పెట్టుటకు తెల్లవారుజామున బయలుదేరిన మనిషిని కూడ చంపును. వారి మధ్య భేదము తీగకు తెలియదు. చీకటిలో నున్నదేమో ముందుగా తెలిసికొనగలిగిన గ్రామమునకు ఇట్టి తీగతో నిమిత్తముండదు. కావున ఈ కెమేరా చేయగలిగినదేమి, చేయలేనిదేమి, గ్రామము దానిని ఎట్లు వినియోగించుకొనవలెను అను మూడు విషయములను ఈ పాఠములో వివరింపదలచితిమి.

యంత్రము పనిచేయు విధము

1800 సంవత్సరమున ఇంగ్లండులో విలియమ్ హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకము గుండా ప్రసరింపజేసి, విడివడిన ఒక్కొక్క రంగునందు ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపు రంగునకు ఆవల, కంటికి ఏ వెలుగును కానరాని చోట, ఉష్ణమాపకము అన్నిటికన్న ఎక్కువ వేడిని చూపెను. కంటికి కనబడని ఆ కిరణములకే పరారుణ కిరణములని పేరు. పొయ్యి ఆరిన తరువాత కూడ దాని దగ్గర చేయి పెట్టినచో సెగ తగులుట మనమెరిగినదే. చేతికి సోకిన ఆ సెగలో ఇట్టి కిరణములు గలవు. వెచ్చగా నున్న ప్రతి వస్తువును వీనిని వెలువరించుచునే యుండును.

థర్మల్ కెమేరా ఈ కిరణములలో ఒక భాగమును, అనగా సుమారు 8 మొదలు 14 మైక్రానుల తరంగములను గ్రహించును. సాధారణమైన గాజు వీనిని లోపలికి పోనీయదు గనుక, దీని కటకమును జెర్మేనియమ్ అను పదార్థముతో చేయుదురు. లోపల వేలకొలది సూక్ష్మమైన చుక్కలు గల ఒక ఫలకముండును. చిన్న పరికరములలో ఈ చుక్కలు 256 వరుసలు 192 చొప్పున, అనగా దాదాపు 49 వేలుండును. మేలైనవానిలో 640 వరుసలు 512 చొప్పున 3 లక్షలకు పైగా నుండును. ఒక్కొక్క చుక్కపై పడిన వేడి ననుసరించి చిత్రము ఏర్పడును. డిగ్రీలో ఇరువదవ వంతు తేడాను సైతము మంచి పరికరము కనిపెట్టగలదు. అందుచే చల్లని గడ్డి నడుమ కుందేలు కూర్చున్నచో, నల్లని పలకపై సుద్దముక్కతో గీసినట్లు తెల్లగా కనబడును.

టార్చిలైటునకును దీనికిని గల భేదమును సభ్యులు గుర్తింపవలెను. టార్చిలైటు వెలుగు పడగానే పక్షి బెదరును. గూడు విడిచి ఎగిరిపోవును. ఒక్కొక్కప్పుడు చీకటిలో తిరిగి గూటికి రాలేక గ్రుడ్లు చల్లబడును. థర్మల్ కెమేరా ఏ వెలుగును పంపదు. వచ్చిన వేడిని స్వీకరించుటయే దాని పని. కనుక దూరముగా నిలిచి చూచినంతవరకు ప్రాణికి దీనివలన బాధ లేదు.

ఈ సూత్రము మన అడవులకు పూర్తిగా క్రొత్త కాదు. పడమటనున్న నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యములో చెట్లకు కట్టు కెమేరాలు, వెచ్చని శరీరము ఎదుట కదలినప్పుడు వేడిలోని మార్పును గుర్తించి తమంతట తామే ఫోటో తీయును. ఆ ఫోటోలలోని చారలను పోల్చియే పులులను లెక్కించుచున్నారు. చెట్టున కట్టిన కెమేరా తన యెదుటికి వచ్చినదానినే చూడగలదు. చేతిలోని థర్మల్ కెమేరాతో మనము పోయి వెదకవచ్చును. ఇదియే తేడా.

కెమేరాకు తెలియని విషయములు

ఇట్టి యంత్రమును మొదటిసారి చూచినవారు చీకటిలో సర్వమును కనబడునని భ్రమపడుదురు. అది సరికాదు. కెమేరా చూపునది వెచ్చని మచ్చను మాత్రమే. ఆ మచ్చ పిల్లియా, ముంగిసయా, మేకపిల్లయా అనునది దగ్గరకు వచ్చునంతవరకు తేలదు. అమ్మువారు పెట్టెపై వ్రాయు దూరము సాధారణముగా ‘ఏదో ఉన్నది’ అని తెలియు దూరము. అదేమో గుర్తుపట్టగలుగు దూరము అందులో ఒక చిన్న భాగము మాత్రమే.

పక్షుల విషయములో మరియొక చిక్కు కలదు. పక్షి శరీరములోని వేడి 40 మొదలు 42 డిగ్రీల వరకు నుండును. అయినను ఈకలు దుప్పటివలె కప్పియుండుటచే ఆ వేడి అంతగా బయటికి రాదు. ముఖము, కన్నులు, కాళ్లు మాత్రము ప్రకాశముగా కనబడును. రంగులు కనబడవు. రంగును బట్టి పక్షిని గుర్తించుటకు అలవాటుపడినవారు ఇచ్చట ఆకారమును, నడకను, కూతను బట్టి గుర్తింప నేర్చుకొనవలెను. ఈ విద్యలో పట్టణమునుండి వచ్చిన నిపుణునికన్న గొర్రెలను కాచు ముదుసలియే మేలైన గురువు కావచ్చును.

దట్టమైన ఆకుల వెనుక నున్నది కనబడదు. ఏపుగా పెరిగిన మిరప చేలో పాదుల నడుమనున్న పూరేడుపిట్టను కెమేరా చూడలేదు. గాజు వెనుక గాని నీటి లోపల గాని ఉన్నది కనబడదు. వానలోను, దట్టమైన మంచులోను చూపు తగ్గును. వేసవిలో మన నల్లరేగడి నేల రాత్రి చాలసేపటి వరకు వేడిని విడువదు. రాళ్లు, రైలు పట్టాలు, సిమెంటు గట్టులు అన్నియు వెలుగుచు కండ్లను మోసగించును. అందుచే వేసవిలో తెల్లవారుజామున చూచుట మంచిది. డిసెంబరు, జనవరి నెలలు అన్నివిధముల అనుకూలము. వలస వచ్చిన పక్షులు కూడ అప్పుడే యుండును.

అన్నిటికన్న ముఖ్యమైన హెచ్చరిక ఇది. పాము శరీరము పరిసరముల వేడితో సమానముగా నుండును గనుక తరచుగా కెమేరాలో కనబడదు. ఒర లేని నేలబావి స్పష్టముగా కనబడదు. విద్యుత్తు ప్రవహించు సన్నని తీగ అసలు కనబడకపోవచ్చును. కెమేరాకు కన్ను ఆనించి నడచువాడు కన్నులున్న గ్రుడ్డివానితో సమానము. కనుక నిలిచినప్పుడే చూడవలెను. నడచునప్పుడు కెమేరాను దించి, టార్చిలైటును నేలకు వంచి నడువవలెను. ఈ నియమమును తప్పినవానిని రెండవనాడు వెంట తీసికొనిపోరాదు.

కలివికోడి నేర్పిన పాఠము

రాత్రివేళ తిరుగు పక్షిని వెదకుట ఎంత కష్టమో తెలుగునాటి కలివికోడి చరిత్ర చెప్పుచున్నది. 1848లో జెర్డన్ అను వైద్యుని వలన లోకమునకు తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికిని కానరాలేదు. అంతరించిపోయినదని పెద్దలు నిర్ణయించిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి సమీపమున, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి అన్వేషణ ఫలితముగా, అది తిరిగి కనుగొనబడినది. పట్టుకొన్నవాడు శాస్త్రజ్ఞుడు కాడు. రాత్రులందు పొదలలో తిరుగుట కలవాటుపడిన ఒక పల్లెవాసి. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడుటకు ఈ పక్షియే కారణము.

తరువాత శాస్త్రజ్ఞులు పొదల నడుమ మెత్తని మట్టిని పరచి అడుగుజాడలు పరీక్షించిరి. చెట్లకు కెమేరాలు కట్టిరి. ప్రొద్దు గ్రుంకినంతనే వినవచ్చు కూతలను వినిరి. 2025 ఆగస్టులో పక్షిపరిశీలకుల బృందమొకటి దాని కూతను మరల వినగలిగినది. పగలంతయు ముండ్లపొదలలో దాగి, చీకటిపడిన పిమ్మట నేలపై పరుగెత్తు ఇట్టి పక్షిని బెదరింపకుండ చూచుటకు, వేడిని చూచు కెమేరా ఎంత తగిన సాధనమో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఎచ్చట చూడవలెనో చెప్పగలవారు ఆ ప్రాంతపు పల్లెలవారే. యంత్రము ఎంత మేలైనదైనను, దానిని ఏ పొదవైపు త్రిప్పవలెనో చెప్పుటకు ఒక మనిషి కావలెను.

ఇతర ప్రాంతములలో జరిగిన పని

2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ జిల్లాలో తోడేళ్లు పిల్లలపై పడి చంపుచుండగా, అటవీశాఖవారు థర్మల్ కెమేరాలు అమర్చిన డ్రోన్లతో చెరకు తోటలపై వెదకిరి. అదే సంవత్సరము తమిళనాడులో కోయంబత్తూరు సమీపమున మదుక్కరై వద్ద, రైలు పట్టాలు దాటు ఏనుగులను రాత్రివేళ కనిపెట్టుటకు థర్మల్ కెమేరాలు గల స్తంభములను ఏర్పాటు చేసిరి. ఏనుగు పట్టాల దగ్గరకు వచ్చినంతనే రైలు నడుపువారికి వార్త అందును.

జర్మనీలో గడ్డి కోయు కాలమున జింకపిల్లలు గడ్డిలో కదలక పడుకొని యంత్రపు కత్తులకు బలియగుచుండును. అచ్చటి రైతులు కోతకు ముందు తెల్లవారుజామున థర్మల్ డ్రోన్‌ను ఎగురవేసి, పిల్లలను ఎత్తి గట్టున పెట్టి, తరువాత కోయుచున్నారు. ఈ పనికి డ్రోన్లు కొనుటకు 2021 నుండి ఆ దేశపు ప్రభుత్వము ధనసహాయము చేయుట ఆరంభించినది. ఫిన్లాండులో దున్నెడి పొలములలోని తీతువుపిట్టల గూళ్లను ఇదే విధముగా గుర్తించి కాపాడవచ్చునని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన తీతువు కూడ బీడు నేలపైననే గ్రుడ్లు పెట్టునది. వేసవి దుక్కికి ముందు గూడున్న చోట ఒక పుల్ల గుచ్చి, ట్రాక్టరును రెండు బారలు ప్రక్కకు త్రిప్పినచో రైతునకు కలుగు నష్టము ఏమియు లేదు.

సింగరాయకొండ ప్రాంతమున ఎట్లు చేయవలెను

సింగరాయకొండ పరిసరములను దృష్టాంతముగా గ్రహింతము. ఇచ్చట నరసింహస్వామి వెలసిన కొండ కలదు. తూర్పున పాకల సముద్రతీరము, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు గలవు. మెట్టవైపున మిరప, పొగాకు చేలును, సుబాబుల్, జామాయిల్ తోటలును గలవు. నడుమ జాతీయ రహదారియు, చెన్నై–విజయవాడ రైలుమార్గమును పోవుచున్నవి. నల్లమల చాల దూరము. కనుక ఇచ్చట పులికొరకు వెదకుట మన పని కాదు. నక్క, కుందేలు, అడవిపిల్లి, ముళ్లపంది, గుడ్లగూబ, పూరేడు, తీతువు మున్నగునవి మన పొరుగువారు. వీనిలో ఏవి ఎచ్చట నున్నవి, ఏటేట పెరుగుచున్నవా తగ్గుచున్నవా అనునది తెలిసికొనుటయే ప్రయోజనము.

ఇందుకు ఒక పద్ధతి కలదు. నలుగురు మనుష్యుల జట్టును ఏర్పరుపవలెను: కెమేరా చూచువాడు, దారి చూచువాడు, వ్రాయువాడు, స్థానిక ప్రాణుల నెరిగిన పెద్ద. ఊరి పొలిమేరలో సుమారు రెండు కిలోమీటర్ల బాట నొకదానిని నిర్ణయించుకొని, నెలకు రెండుమారులు, అదే వేళకు, అదే వేగముతో నడువవలెను. నూరేసి అడుగుల కొకమారు నిలిచి చుట్టును చూడవలెను. కనబడినదానిని తేదీ, గంట, వాతావరణము, చేలోని పైరు, సంఖ్య అను వివరములతో పుస్తకములో నెక్కింపవలెను. పేరు నిశ్చయముగా తెలియనప్పుడు ‘తెలియనిది’ అనియే వ్రాయవలెను. ఊహించి వ్రాసిన పది పేర్లకన్న నిజాయితీగా వ్రాసిన ఒక ‘తెలియనిది’ విలువైనది. పోవుటకు ముందు ఆ దారిలోని రైతులకును, అటవీశాఖ సిబ్బందికిని, పోలీసువారికిని తెలియజేయవలెను.

ఒక సంవత్సరము ఇట్లు వ్రాసినచో, అడవిపందులు ఏ వాగువెంట ఏ నెలలో వచ్చుచున్నవో తెలియును. కావలి ఎచ్చట పెట్టవలెనో తెలియును. రహదారిని జంతువులు ఏ తూము వద్ద దాటుచున్నవో తెలియును; అచ్చట హెచ్చరిక పలక పెట్టుమని కోరుటకు పంచాయతి చేతిలో ఆధారముండును. ఏ పాడుబడిన గోడలో గుడ్లగూబ కాపురమున్నదో తెలియును. ఎలుకలను, పందికొక్కులను తిను ఆ పక్షిని అపశకునమని తరిమిన రైతు, జీతము లేని కావలివానిని తానే వెళ్లగొట్టినవాడగును.

యంత్రము లేకయే ఈ శ్రద్ధ చూపిన గ్రామములు మనకు గలవు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు ఊరి నడుమ గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుచున్నవి. ఊరివారు వాటిని బెదరింపకుండుటయే దానికి కారణము. కెమేరా ఇట్టి శ్రద్ధకు సహాయము చేయగలదే కాని, శ్రద్ధ లేనిచోట దానిని పుట్టింపలేదు.

దుర్వినియోగము, చట్టము

రైతు చేతిలో మేలు చేయు సాధనమే వేటగాని చేతిలో కీడు చేయును. బెదరక నిలిచిన కుందేలు ఆ కెమేరాకు ఎంత సులభముగా చిక్కునో ఇంతకు ముందే చెప్పితిమి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వేట నేరము. చట్టపు మొదటి షెడ్యూలులోని ప్రాణులను వేటాడినవారికి 3 మొదలు 7 సంవత్సరముల వరకు కారాగారశిక్షయు, జరిమానాయు విధింపవచ్చును. కలివికోడి, నెమలి ఈ షెడ్యూలులోనివే. అందుచే గూళ్లు, బొరియలు ఉన్న చోట్లను పంచాయతి పుస్తకములో దాచవలెను గాని, ఫోనులలో పదిమందికి పంపరాదు. తుపాకికి బిగించు నమూనాలను కొనరాదు.

మరియొక మర్యాద కలదు. ఈ కెమేరా మనుష్యులను కూడ చూపును. తెల్లవారుజామున బయటికి వచ్చు స్త్రీలవైపు గాని, ఆరుబయట నిద్రించువారివైపు గాని, ఇండ్లవైపు గాని దానిని త్రిప్పరాదని పంచాయతి ముందుగానే తీర్మానింపవలెను. డ్రోన్ ఎగురవేయదలచినచో 2021 నాటి డ్రోన్ నియమములను పాటింపవలెను. అటవీభూమిపై అటవీశాఖ అనుమతి లేక ఎగురవేయరాదు.

పంచాయతి బాధ్యత

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచి, ఆ ఊరి చెట్లు, పైర్లు, జంతువులు, పక్షుల వివరములతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును ఉంచవలెను. చాలచోట్ల ఈ రిజిస్టరులో పగటి ప్రాణుల పేర్లే యుండును. రాత్రి పుటలను నింపుటకు ఈ కెమేరా తగిన సాధనము. దానిని ఒక వ్యక్తి సొత్తుగా కాక కమిటీ అధీనమున నుంచి, తీసికొనిపోయినవారి పేరు, తేదీ పుస్తకములో వ్రాయించుట క్షేమకరము.

వెంటనే కొనుమని మేము చెప్పుట లేదు. ఈ పరికరముల ధర పదుల వేల రూపాయల నుండి లక్షల వరకు గలదు. మొదట అటవీశాఖవారినో, సమీప కళాశాలవారినో, పక్షిపరిశీలకుల సంఘములనో ఆహ్వానించి, రెండు మూడు రాత్రులు తమ పొలిమేరలో చూపించుమని కోరవచ్చును. ఇరుగుపొరుగు పంచాయతులు నాలుగు కలిసి ఒక కెమేరాను ఉంచుకొనవచ్చును. కొన్నచో, చుక్కల సంఖ్య, బ్యాటరీ నిలుచు కాలము, చిత్రమును దాచుకొను సౌకర్యము అను మూడింటిని పరీక్షించి కొనవలెను.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన పొలిమేరలో విద్యుత్తు తీగలు కట్టిన చేలు ఎన్ని గలవు? వానిని తీయించుటకు గడువేమి?

2. రాత్రివేళ జంతువులు ఏ బాటలను, ఏ తూములను దాటుచున్నవి? దీనిని ఎరిగిన పెద్దలు ఎవరు?

3. మన జీవవైవిధ్య రిజిస్టరులో రాత్రి తిరుగు ప్రాణుల పేర్లు ఎన్ని గలవు?

4. వేసవి దుక్కికి ముందు నేలపై గూళ్లను చూచు బాధ్యతను ఏ జట్టునకు అప్పగింపవలెను?

వీనిలో మొదటి ప్రశ్నకు కెమేరాతో పని లేదు. ఈ వారమే సభ్యులు పగటివేళ పొలములవెంట నడచి తెలిసికొనవచ్చును. ప్రాణాపాయము గల తీగలను తొలగించిన తరువాతనే రాత్రి జట్టును పొలములోనికి పంపవలెను.